నల్లావు రక్తంలో ఎన్ని థైలీరియాలు? మదనపల్లె దగ్గర ఒక పాకలో నేను చూసిన కేసు

జులై రెండో వారంలో ఫోన్ వచ్చింది. "సార్, బొల్లావు నిన్నటి నుంచి మేత ముట్టడం లేదు. పూటకు ఏడు లీటర్లు ఇచ్చేది, ఈ పొద్దు లీటరున్నర కూడా రాలేదు." మదనపల్లె నుంచి అరగంట ప్రయాణంలో ఉన్న ఊరు అది. భార్యాభర్తలిద్దరే చూసుకునే పాక. పదకొండు పశువులు. ఏడు అక్కడే పుట్టి పెరిగిన సంకర జాతి ఆవులు, పెయ్యలు. ఒకటి తొమ్మిదేళ్ళ నాటావు. మిగతా మూడింటిని జూన్ మొదట్లో కర్ణాటకలోని చింతామణి వైపు నుంచి కొని తెచ్చారు. వాటిలో పాలిచ్చే హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు రెండు, ఆరు నెలల చూడి పెయ్య ఒకటి. పాలావుల్లో ఒకదాన్ని బొల్లావు అని, ఇంకోదాన్ని నల్లావు అని పిలుస్తారు. బొల్లావును ఒక రైతు దగ్గర, నల్లావునూ చూడి పెయ్యనూ ఇంకో రైతు దగ్గర కొన్నారు. ఈ సంగతి తర్వాత చాలా పనికొచ్చింది.

మా వైపు ఈ రాకపోకలు ఎప్పుడూ ఉండేవే. పాలకు గిరాకీ పెరిగినప్పుడల్లా చింతామణి, కోలారు వైపు నుంచి ఆవులు దిగుతాయి. వాటితో పాటు పిడుదులూ, పిడుదుల కడుపులోని జీవులూ దిగుతాయి.

బొల్లావుకు 106 డిగ్రీల జ్వరం. కళ్ళ వెంట నీరు, ముక్కు వెంట చీమిడి, ఆయాసం. భుజం ముందున్న లింఫ్ గ్రంథి బత్తాయి కాయంత అయింది. ముట్టుకుంటే ఆవు విదిలించుకుంది. చెవుల లోపల, పొదుగు పైన, తోక కింద పిడుదులు. కొన్ని పొట్టి కాళ్ళ బూడిద రంగువి. కొన్ని గోధుమ రంగులో ఉన్నాయి, వాటి పొడుగాటి కాళ్ళ మీద పట్టీలు ఉన్నాయి. మొదటివి రిపిసెఫాలస్ మైక్రోప్లస్, రెండోవి హయలోమా. జులైలో మా ప్రాంతపు పాకలో హయలోమా కనిపిస్తే నాకు ముందు గుర్తొచ్చేది థైలీరియానే, అంటే పిడుదులు మోసుకొచ్చే, ఆవు రక్తకణాల్లో బతికే పరాన్నజీవి.

చెవి నరం నుంచి రక్తం చుక్క తీసి, గాజు పలక మీద పలచగా పూసి స్మియర్ చేశాను. వాచిన గ్రంథిలో సూది పెట్టి కొంచెం ద్రవం తీశాను. ఆసుపత్రికి వచ్చి జీమ్సా రంగు వేసి చూస్తే ఎర్రకణాల్లో ఉంగరాలు, కామాల ఆకారాలు ఉన్నాయి. గ్రంథి ద్రవంలో తెల్లకణాల లోపల నీలం ముద్దలు, అంటే కోక్ నీలి బొట్లు. థైలీరియా అన్యులాటా తెల్లకణంలో దూరి, ఆ కణాన్ని ఆగకుండా విభజన చెందేలా మార్చేస్తుంది. కణం రెండుగా చీలినప్పుడల్లా పరాన్నజీవి కూడా పంచుకుని పోతుంది. గ్రంథి అంత పెద్దదవడానికి కారణం అదే. అనుమానానికి చోటు లేని కేసు.

టేపుతో కొలిచాను. ఛాతీ చుట్టుకొలత 68 అంగుళాలు, పొడవు 57. చుట్టుకొలతను చుట్టుకొలతతోనూ, తర్వాత పొడవుతోనూ గుణించి 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. సుమారు 400 కిలోలు. థైలీరియాకు వాడే బుపార్వాక్వోన్ మందు కిలోకు రెండున్నర మిల్లీగ్రాములు, అంటే ఇరవై కిలోలకు ఒక మిల్లీలీటరు. మొత్తం ఇరవై మిల్లీలీటర్లు మెడ కండలో రెండు చోట్ల వేశాను. నాలుగో రోజుకు ఆవు నెమరు వేస్తోంది. పాలు మెల్లగా పెరిగాయి. ఇంజెక్షన్ వేసిన ఆవు పాలు కేంద్రానికి పోయవద్దని చెప్తే, ఆ ఇంటాయన ఎదురు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. అంత నష్టంలో ఆ మాట ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

నల్లావు

తొమ్మిది రోజుల తర్వాత నల్లావుకు జ్వరం వచ్చింది. అప్పుడు నేను రెండు రోజుల శిక్షణ కోసం ఊళ్ళో లేను. వాళ్ళు వేరే ఒకరిని పిలిచారు. బొల్లావుకు పనిచేసిన మందే కదా అని ఆయన పది మిల్లీలీటర్లు వేశాడు. మిగిలిన సగం సీసాను ఇంకో ఆవుకు వస్తుందేమోనని దాచారు. అది ఖరీదైన మందు. ఒక సీసాను రెండు పశువులకు పంచడం పల్లెల్లో చాలాసార్లు చూశాను. వాళ్ళను తప్పుపట్టే మనసు నాకు రాదు. కానీ నల్లావు తూకం టేపు ప్రకారం 430 కిలోలు. దానికి అందింది కావలసిన మోతాదులో సగం కంటే తక్కువ.

మూడో రోజు నేను వెళ్ళేసరికి జ్వరం 105.4. గ్రంథి వాచింది. స్మియర్‌లో ఉంగరాలు. ఆ రోజు మందు వేసే ముందు ఒక పని చేశాను. మెడ నరం నుంచి మూడు మిల్లీలీటర్ల రక్తం, గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టంలోకి తీశాను. రెండు చుక్కలు ఫిల్టర్ పేపరు మీద వేసి ఆరబెట్టాను. కారణం పెద్దదేమీ కాదు. ఒకే పాకలో రెండో కేసు కాబట్టి నమూనా ఉంటే మంచిదనిపించింది. తర్వాత పూర్తి మోతాదు, ఇరవై ఒకటిన్నర మిల్లీలీటర్లు వేశాను.

రెండు రోజుల్లో జ్వరం 102.6కు దిగింది. గ్రంథి మెత్తబడింది. మేత తిన్నది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఏడో రోజు మళ్ళీ 104.2. కనురెప్ప లోపలి పొర సున్నం కొట్టినట్టు తెల్లబడింది, అంచుల్లో పసుపు. మూడో రోజు 25 శాతం ఉన్న పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 14కు పడిపోయింది. మూత్రం ముదురు పసుపు, కానీ ఎరుపు కాదు. పిడుదులు మోసే ఇంకో పరాన్నజీవి బెబీసియా అయితే ఎర్రకణాలు రక్తనాళంలోనే పగిలి మూత్రం కాఫీ రంగులోకి వస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. పేడ గట్టిగా, ముదురు రంగులో, బంక పూసినట్టు వస్తోంది. దాన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకున్నానే గానీ దాని గురించి ఆలోచించలేదు.

అప్పుడు ఆ ఇంటావిడ అడిగింది: "సార్, ఈ మందుకు ఇది లొంగడం లేదంట కదా? పక్క ఊళ్ళో కూడా ఇట్లే అయిందంట." ఆ మాట నా మనసులోనూ తిరుగుతోంది. బుపార్వాక్వోన్‌కు లొంగని థైలీరియా గురించి చదివి ఉన్నాను. తక్కువ మోతాదు వేసిన చోట అలాంటివి పుట్టే అవకాశం ఎక్కువని తెలుసు. ఇక్కడ తక్కువ మోతాదు పడింది. లెక్క సరిపోయినట్టే అనిపించింది. మరోసారి రక్తం తీసుకుని రెండో డోసు బుపార్వాక్వోన్ వేశాను.

తొమ్మిదో రోజుకు పీసీవీ 11. అప్పుడు ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. రక్తం ఎక్కించాలని చూస్తే పాకలో ఆరోగ్యంగా ఉన్న పెద్ద పశువు నాటావే. దాని స్మియర్ చూస్తే స్లైడు మొత్తంలో మూడు ఉంగరాలు. దాని రక్తం ఎక్కిస్తే కొత్త పరాన్నజీవులను కూడా ఎక్కించినట్టే. పక్కింటి కోడెను అడిగి, దాని స్మియర్ చూసి, నాలుగు లీటర్లు ఎక్కించేసరికి చీకటి పడింది. ఆ కోడె స్మియర్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన దానిలో ఏమీ లేదని కాదు. అప్పటికి అంతకంటే మంచి దారి కనిపించలేదు.

పదకొండో రోజు తెల్లవారుజామున నల్లావు చనిపోయింది.

వాళ్ళు ఒప్పుకోగా పోస్ట్‌మార్టం చేశాను. నాలుగో కడుపులో, అంటే అబొమేజమ్‌లో థైలీరియా పుండ్లు ఉన్నాయి. కానీ అవి మానుతున్న పాత పుండ్లు. ప్లీహం ఉబ్బి ఉంది. పిత్తాశయం మాత్రం గాలి నింపిన బెలూన్‌లా సాగి, లోపల చిక్కటి ముదురాకుపచ్చ పసరు. నాకు మనసులో గుచ్చుకుంది అక్కడే. థైలీరియాతో చనిపోయిన ఆవులో పుండ్లు పచ్చిగా ఉండాలి. పిత్తాశయం అంతగా నిండి, పసరు చిక్కబడి ఉండటం అనాప్లాస్మా అనే, ఎర్రకణాల్లో పెరిగే బ్యాక్టీరియా గుర్తు.

ల్యాబ్‌కు పంపిన ప్రశ్నలు

వెటర్నరీ కాలేజీలో నాతో చదువుకున్న మిత్రుడు పరాన్నజీవుల విభాగంలో ఉన్నాడు. నల్లావువి మూడో రోజు, ఏడో రోజు నమూనాలు, మిగతా పది పశువుల రక్తం పంపాను. మూడు ప్రశ్నలు అడిగాను. రక్తంలో ఏ జాతులు ఉన్నాయి? థైలీరియా అన్యులాటా ఉంటే అది ఒక రకమా, చాలా రకాలా? అవి మందును తట్టుకునే రకాలా?

ఈ మూడింటికి వాడే జన్యువులు వేరు వేరు. పొలంలో పనిచేసే డాక్టర్లకు ఇది తెలియడం అవసరం, ఎందుకంటే డీఎన్‌ఏ ముక్కకు నకళ్ళు తీసి పెంచి చూసే పరీక్షలో వచ్చే 'పీసీఆర్ పాజిటివ్' అన్న రెండు మాటల్లో ఏ ప్రశ్నకు జవాబు వచ్చిందో ఉండదు. 18ఎస్ రైబోజోమల్ జన్యువు థైలీరియా జాతి పేరు చెబుతుంది. పరాన్నజీవి ఒంటి పైపొర ప్రోటీన్ తయారుచేసే టామ్స్-1 జన్యువు ఒకే జాతిలోని రకాలను విడదీస్తుంది. పైపొర ప్రోటీన్ పశువు రోగనిరోధక శక్తికి ఎదురుగా నిలబడేది కాబట్టి అది చాలా మారుతూ ఉంటుంది. మామూలు పీసీఆర్‌లో దాని నుంచి 721 డీఎన్‌ఏ అక్షరాల ముక్క తీసుకుంటారు. ఇక సైటోక్రోమ్ బి జన్యువు మందు సంగతి చెబుతుంది. బుపార్వాక్వోన్ పరాన్నజీవి శ్వాస వ్యవస్థలో ఆ ప్రోటీన్‌ను పట్టుకుని దాన్ని ఊపిరాడనివ్వదు.

జవాబులు మూడు వారాల తర్వాత ఆగస్టు మధ్యలో వచ్చాయి.

నల్లావు మూడో రోజు నమూనాలో థైలీరియా అన్యులాటా పట్టీ (పీసీఆర్‌లో దాని డీఎన్‌ఏ ఉందని చూపే గీత) గట్టిగా ఉంది. టామ్స్-1 అక్షరాల చార్టులో చాలా చోట్ల ఒకే స్థానంలో రెండేసి శిఖరాలు. ఒకే రకం ఉంటే ప్రతి స్థానంలో ఒకే శిఖరం ఉండాలి. రెండు శిఖరాలంటే రెండు అక్షరాలు పోటీ పడుతున్నట్టు, అంటే కలగాపులగం ఇన్ఫెక్షన్. అందుకని మా మిత్రుడు ఆ ముక్కలను బ్యాక్టీరియాలో పెట్టి క్లోన్ చేసి, పన్నెండు కాలనీలు విడివిడిగా చదివాడు. మూడు రకాలు తేలాయి. ఒక ఆవు, ఒక జ్వరం, మూడు థైలీరియాలు.

సైటోక్రోమ్ బి వరస చూస్తే, మందును తట్టుకునే పరాన్నజీవుల్లో మారిన స్థానాలు ఇక్కడ మారలేదు. 253వ స్థానంలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట సెరీన్ రావడం, 129వ స్థానంలో సెరీన్ బదులు గ్లైసీన్ రావడం బాగా తెలిసిన మార్పులు. ట్యునీషియా, ఇరాన్, సూడాన్ వంటి చోట్ల మందు పనిచేయని ఆవుల నుంచి తీసిన పరాన్నజీవుల్లో ఈ జన్యువు మార్పులు కనిపించాయి. పిన్-1 అనే ఇంకో ప్రోటీన్‌లో మార్పు కూడా మందును తట్టుకోవడానికి దారితీస్తుందని 2015లో తేలింది, అందుకని ఆ జన్యువును కూడా చదివించాను. అందులోనూ ఏమీ లేదు.

ఏడో రోజు నమూనా ఇంకా స్పష్టంగా మాట్లాడింది. థైలీరియా అన్యులాటా పట్టీ వెలిసిపోయి కష్టం మీద కనిపిస్తోంది. దాని పక్కన అనాప్లాస్మా మార్జినేల్ పట్టీ మెరిసిపోతోంది. మూడో రోజు నమూనాలో కూడా అనాప్లాస్మా ఉంది, కొంచెం తక్కువగా.

మందు తన పని చేసింది. థైలీరియాను తగ్గించింది. నల్లావును చంపింది ఆ మందుకు ఏమాత్రం సంబంధం లేని బ్యాక్టీరియా. నేను ఆ బ్యాక్టీరియా మీద మందు వేసింది ఆలస్యంగా, తొమ్మిదో రోజున.

పాత స్లైడ్లు తీసి మళ్ళీ చూశాను. మూడో రోజు స్లైడులోనే ఉన్నాయి. ఎర్రకణాల అంచుకు అంటుకున్న గుండ్రటి ముదురు చుక్కలు. వాటిని రంగు మరకలనో, రక్తం తక్కువైనప్పుడు కణాల్లో మిగిలే కేంద్రకపు ముక్కలనో అనుకున్నాను. ఉంగరాలు దొరికాక కళ్ళు ఇంకేదీ వెతకలేదు. ఈ మాట రాయడానికే ఈ కేసు రాస్తున్నాను. మైక్రోస్కోపులో ఒక జీవి కనబడటం రెండోది లేదనడానికి సాక్ష్యం కాదు. పిడుదులు రెండు రకాలు ఉన్న పాకలో రెండు మూడు జీవులు కలిసి ఉండటమే మామూలు.

పేడ గట్టిపడటం కూడా అప్పుడే గుర్తొచ్చింది. థైలీరియా ముదిరితే విరేచనాలు, పేడలో నెత్తురు జీర కనిపిస్తాయి. అనాప్లాస్మాలో పేడ ఎండిపోయి ఆగిపోతుంది. నోట్‌బుక్‌లో నా చేతిరాతతోనే ఉంది.

మిగతా పది పశువులు

నా వరకు ఈ కేసులో అసలు పాఠం చనిపోయిన ఆవు నుంచి రాలేదు, బతికి ఉన్న నాటావు నుంచి వచ్చింది. తొమ్మిదేళ్ళలో దానికి ఒక్కసారి జ్వరం వచ్చినట్టు వాళ్ళకు గుర్తులేదు. దాని రక్తంలో పన్నెండు కాలనీలు చదివితే ఐదు టామ్స్-1 రకాలు. పన్నెండు కాలనీలతో అరుదైన రకాలు దొరకవు కాబట్టి ఐదు కంటే ఎక్కువే ఉండొచ్చు. నల్లావులోని మూడు రకాల్లో రెండు ఈ ఐదింటిలో ఉన్నాయి. మూడోది పాకలో వేరే ఏ పశువులోనూ లేదు.

అంటే నల్లావును జబ్బు పడేసిన థైలీరియాలో కొంత భాగం చింతామణి నుంచి రాలేదు. ఈ పాక గోడల్లోదే. హయలోమా అనటోలికమ్ మామూలుగా మూడు పశువుల మీద బతికే పిడుదు. చిన్న దశలో ఒక పశువు రక్తం తాగి కింద పడుతుంది. గోడ పగుళ్ళలో, గాడి కింద కుబుసం విడిచి పెద్దదవుతుంది. తర్వాత ఇంకో పశువు మీదికెక్కుతుంది. ఆ చిన్న దశలో తాగిన థైలీరియా పెద్దదయ్యాక దాని లాలాజలంతో కొత్త ఆవులోకి పోతుంది. నాటావు రక్తం తాగిన పిడుదు నల్లావు మీదికి ఎక్కింది. జబ్బు బయట నుంచే వస్తుందనుకుని మనం కొత్త ఆవునే అనుమానిస్తాం. ఇక్కడ కొత్త ఆవే స్థానిక రకాలకు బలైంది, ఎందుకంటే అలాంటి వాటిని అది పుట్టినప్పటి నుంచి చూడలేదు.

ఇన్ని రకాలు ఎలా పుడతాయన్నది నాకు చాలా ఆసక్తిగా అనిపించే విషయం. థైలీరియా ఆవులో ఉన్నంత కాలం తనను తాను నకలు చేసుకుంటుంది, అంతే. ఆడ మగ కలయిక జరిగేది పిడుదు పేగులో. ఒక పిడుదు రెండు రకాలున్న రక్తం తాగితే ఆ రెండూ అక్కడ కలిసి, ఇద్దరి లక్షణాలూ కలగలిసిన కొత్త పిల్ల రకాలు పుడతాయి. ఐదు రకాలు మోస్తున్న ఒక నాటావును వంద పిడుదులు కుట్టాయంటే, ఆ వంద పేగుల్లోనూ కొత్త కలయికలకు చోటుంది. 2005లో థైలీరియా అన్యులాటా జన్యుపటం వెలువడింది. నాలుగు క్రోమోజోములు, దాదాపు 3,800 జన్యువులు. అది వచ్చాకే మైక్రోశాటిలైట్ గుర్తులతో (డీఎన్‌ఏలో చిన్న ముక్కలు మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లతో) రకాలను లెక్కపెట్టడం వీలైంది. ట్యునీషియాలోనూ టర్కీలోనూ చేసిన పనిలో ఒక్కో పశువులో చాలా రకాలు కలిసి ఉండటం, రెండు దేశాల జనాభాలు ఒకదానికొకటి వేరుగా ఉండటం కనిపించాయి. వయసు పెరిగే కొద్దీ పశువులో రకాలు పోగుపడటం కూడా నమోదైంది. మా తొమ్మిదేళ్ళ నాటావు ఆ లెక్కకు సరిపోయింది.

నాటావును అమ్మేయాలా అని ఆయన అడిగాడు. వద్దన్నాను. దాన్ని అమ్మినా పిడుదులు గోడలోనే ఉంటాయి, మిగతా ఏడు పశువుల్లోనూ ఒకటో రెండో రకాలు ఉన్నాయి. కోలుకున్న బొల్లావులో కూడా రెండున్నాయి. బుపార్వాక్వోన్ జబ్బును దించుతుంది గానీ శరీరం నుంచి పూర్తిగా ఊడ్చేయదు. కోలుకున్న ప్రతి ఆవూ మోసే ఆవే.

ఇంకో విషయం. నాటావులోనూ అక్కడే పుట్టిన రెండు సంకర ఆవుల్లోనూ థైలీరియా ఓరియంటాలిస్ కూడా కనిపించింది. మైక్రోస్కోపు కింద దాని ఉంగరాలను అన్యులాటా ఉంగరాల నుంచి ఖచ్చితంగా విడదీయడం నాకు సాధ్యం కాదు. కానీ రెండింటి దారులు వేరు. ఓరియంటాలిస్ తెల్లకణాలను పిచ్చెక్కినట్టు పెంచదు. గ్రంథులు అంతగా వాయవు. అది చేసే చెరుపు ఎక్కువగా ఎర్రకణాల మీదే. దాని పైపొర జన్యువును బట్టి పదకొండు రకాలు చేశారు. వాటిలో ఇకెడా అనే రెండో రకం 2006 తర్వాత ఆస్ట్రేలియాలో, 2012 నుంచి న్యూజిలాండ్‌లో, 2017లో అమెరికాలోని వర్జీనియాలో ఆవులను చంపింది. మన దేశంలో చాలా కాలం దీన్ని పట్టించుకోలేదు. కేరళలో సంకర జాతి పెద్ద ఆవులను ఇది చంపిన కేసులు 2011లో నమోదయ్యాక అభిప్రాయం మారింది. మా పాకలోని మూడింటికీ జ్వరం లేదు, పీసీవీ బాగానే ఉంది. చికిత్స చేయలేదు. స్మియర్‌లో ఉంగరం ఉంది కదా అని మందు వేసి ఉంటే ఆ డబ్బు వృథా, ఆ మందుకు మిగతా థైలీరియాను అలవాటు చేసినట్టు కూడా అయ్యేది.

చూడి పెయ్య

ఫలితాల్లో నన్ను వెంటనే పరుగెత్తించింది చూడి పెయ్య. దానికి అప్పటికి ఏ జబ్బూ లేదు. రక్తంలో అనాప్లాస్మా పాజిటివ్. అనాప్లాస్మాకు ఎంఎస్‌పీ-1ఎ అనే జన్యువు ఉంది. అందులో చిన్న చిన్న ముక్కలు వరసగా మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఎన్నిసార్లు, ఏ వరసలో వస్తాయన్నది రకాన్ని బట్టి మారుతుంది, పూసల దండలో రంగుల వరస మారినట్టు. పెయ్యలోని దండా నల్లావులోని దండా ఒకటే. బొల్లావులో అనాప్లాస్మా లేదు. పాకలో పుట్టిన వాటిలో రెండింటికి ఉంది గానీ పూసల వరస వేరు. నల్లావు, పెయ్య ఒకే రైతు పాక నుంచి వచ్చాయని మొదట్లో చెప్పాను. థైలీరియాలో ఎక్కువ భాగం ఇక్కడిది, అనాప్లాస్మా అక్కడిది. ఒకే ఆవులో రెండు ఊళ్ళ చరిత్ర.

అనాప్లాస్మా ఒకసారి పట్టిన ఆవును చాలాసార్లు జీవితాంతం వదలదు. పైపొర ప్రోటీన్లను మార్చుకుంటూ రోగనిరోధక శక్తికి దొరక్కుండా తక్కువ సంఖ్యలో ఉంటుంది. ప్రయాణం, ఈత, ఇంకో జబ్బు వంటివి ఒంటిని దెబ్బతీసినప్పుడు పైకి లేస్తుంది. నల్లావులో థైలీరియా దానికి తలుపు తీసి ఉంటుందని నా అంచనా. పిడుదులతో పాటు కుట్టే ఈగలు, మార్చకుండా వాడే సూది కూడా దీన్ని మోస్తాయి. సంతలో వరసగా పది ఆవులకు ఒకే సూదితో ఇంజెక్షన్లు వేయడం చూసిన వాణ్ణి. ఇప్పుడు పశువుకో సూది లేకుండా బ్యాగు తీయను.

ఆమెకు థర్మామీటరు ఇచ్చి రోజూ రెండు పూటలా పెయ్య జ్వరం రాసి పెట్టమన్నాను. క్యాలెండరు మీద పెన్సిలుతో రాసింది. పన్నెండో రోజు 103.8. అదే రోజు వెళ్ళాను. గ్రంథులు మామూలుగా ఉన్నాయి. గ్రంథి ద్రవంలో నీలి బొట్లు లేవు. స్మియర్‌లో అంచు చుక్కలు ఉన్నాయి, ఉంగరాలు చాలా అరుదు. పీసీవీ 22. బుపార్వాక్వోన్ జోలికి వెళ్ళలేదు. ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ కిలోకు ఇరవై మిల్లీగ్రాములు, మూడు రోజుల తేడాతో రెండుసార్లు వేశాను. వారం తర్వాత పీసీవీ 24, ఆ పై వారం 27. అక్టోబరు చివర్లో ఆడదూడను ఈనింది.

పాకలో చేసిన మార్పులు

పశువు ఒంటి మీద మందు కొట్టి వదిలేస్తే హయలోమాకు సగం పని కూడా జరగదు. అది ఎక్కువ కాలం ఉండేది గోడలో. గోడ పగుళ్ళకు అడుగు నుంచి నాలుగడుగుల ఎత్తు వరకు సిమెంటు పూయించాం, గాడి కింద మట్టి తీసి గట్టి చేయించాం. పూతకు ముందు పగుళ్ళలో మంట పెట్టించాం. పశువుల మీద డెల్టామెత్రిన్ అనే పిడుదుల మందు కొట్టి చూస్తే హయలోమా రాలింది గానీ బూడిద రంగు పిడుదులు పెద్దగా చావలేదు. మన దేశంలో రిపిసెఫాలస్ మైక్రోప్లస్ ఈ మందుకు చాలా చోట్ల లొంగడం మానేసింది. అమిట్రాజ్ అనే ఇంకో మందుకు మార్చాం. కొత్తగా కొన్న పశువును మూడు వారాలు వేరే కొట్టంలో కట్టి, వచ్చిన రోజే రక్తం పంపడం మొదలుపెట్టాం. ఆ కొట్టం పాత గడ్డి వామి పక్కన రేకు వేసి చేసింది, పెద్ద ఖర్చేమీ కాలేదు.

దూడలకు థైలీరియా టీకా గురించి కూడా మాట్లాడుకున్నాం. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ తయారు చేసిన రక్షావ్యాక్-టి బతికి ఉన్న, బలహీనపరిచిన థైలీరియా ఉన్న కణాలతో చేసిన టీకా. ద్రవ నత్రజనిలోనే ఉంచాలి. 'ఇన్ని రకాలు ఉంటే ఒకే రకంతో చేసిన టీకా పనిచేస్తుందా సార్?' అని ఆయన అడిగాడు. చాలామంది డాక్టర్లు కూడా అడగని మంచి ప్రశ్న అది. అన్యులాటా విషయంలో ఒక రకం మీద వచ్చిన రక్షణ ఇతర రకాల మీద కూడా చాలావరకు పనిచేస్తుంది. ఆఫ్రికాలోని దాని బంధువు థైలీరియా పార్వాతో అలా కుదరలేదు. అక్కడ మూడు రకాలను కలిపిన ముగుగా కాక్‌టెయిల్ టీకాను ఆవులోకి ఎక్కిస్తూనే పక్కన ఆక్సీటెట్రాసైక్లిన్ ఇస్తారు. కాబట్టి మన టీకా దూడను చావు నుంచి కాపాడుతుంది. స్థానిక రకాలు ఒంట్లో చేరకుండా మాత్రం ఆపదు. టీకా వేసిన పాకలో కూడా రక్తంలో రకాలు దొరుకుతూనే ఉంటాయి. ఆ సంగతి ముందే చెప్పకపోతే, తర్వాత ఎప్పుడైనా పాజిటివ్ రిపోర్టు వస్తే టీకా మోసం అనుకుంటారు.

ఇప్పుడు జ్వరం కేసుకు వెళ్ళినప్పుడు నా క్రమం మారింది. సిరంజిలోకి మందు తీసే ముందు రక్తం గొట్టంలోకి, రెండు చుక్కలు ఫిల్టర్ పేపరు మీదికి. పేపరు వెనక తేదీ, పశువు గుర్తు, వేయబోయే మందు. నీడలో ఆరబెట్టి, తేమ పీల్చే సంచి వేసి కవర్లో పెడితే ఫ్రిజ్ లేకుండా వారాల తరబడి ఉంటుంది. అంతా కలిపి మూడు నిమిషాల పని. నల్లావు మూడో రోజు నమూనా లేకపోయి ఉంటే, మా ప్రాంతంలో మందుకు లొంగని థైలీరియా వచ్చేసిందని నేనే నలుగురికీ చెప్పి ఉండేవాణ్ణి. ఆ టెన్షన్‌తో నాతోటి డాక్టర్లు డబుల్ డోసులు వేసేవాళ్ళు. స్లైడు చూసేటప్పుడు కూడా ఉంగరం దొరికాక ఇంకో పది నిమిషాలు అంచు చుక్కల కోసమే చూస్తాను.

చూడి పెయ్యకు పుట్టిన దూడ రక్తం జనవరిలో, టీకాకు ముందు తీసి పంపాను. జ్వరం లేదు, గ్రంథులు మామూలు, పాలు తాగి గెంతుతోంది. థైలీరియా అన్యులాటా పాజిటివ్. చార్టులో ప్రతి స్థానంలోనూ ఒక్క శిఖరమే, అంటే ఒకే రకం. అది నాటావులోని ఐదింటిలో ఒకటి.